ఏ లింకులో ఎవరు

అమెరికాలోని డులూత్‌లో మంచు కురుస్తున్న మధ్యాహ్నం. అంత్యక్రియలు జరిపించే ఒక సంస్థకు చూపులేని పెద్దావిడ ఫోన్ చేసింది.

"మా స్నేహితురాలు సోల్వెగ్ అంత్యక్రియల ప్రార్థన ఇంకా అవుతోందా బాబూ?"

"ఇందాకే అయిపోయిందమ్మా. మా వెబ్‌సైట్‌లో లైవ్ పెట్టాంగా, వినలేదా?"

"నాకు కళ్ళు లేవు. కంప్యూటరే చదివి వినిపించాలి. మీ పేజీలో ఏ లింకు దగ్గరికెళ్ళినా 'ఇక్కడ నొక్కండి' అనే అంటోంది. ఎవరిది ఏదో నాకెలా తెలుస్తుంది?"

"పక్కనే ఫోటో ఉందమ్మా..."

"నాకు ఫోటో ఎందుకు నాయనా?"

"క్షమించండి. తోచలేదు."

"ఎవరికీ తోచదు. బ్యాంకువాళ్ళకి చెప్పాను, బస్సులవాళ్ళకి చెప్పాను. చెప్పి చెప్పి విసుగొచ్చింది."

"మరేం చేశారమ్మా?"

"ఏదో ఒకటి నొక్కాను. పాటలు విన్నాను, వెక్కివెక్కి ఏడ్చాను. బడిలో నాకు పాఠాలు చదివిపెట్టిన మనిషి మా సోల్వెగ్. తీరా చివర్లో పాస్టరుగారు 'మన హార్లన్ ఆత్మకు శాంతి' అన్నారు."

"అయ్యో! ఇప్పుడే మారుస్తానమ్మా. 'సోల్వెగ్ అంత్యక్రియలు' అని లింకులోనే పేరు రాస్తాను. రికార్డింగు ఉంది, వినొచ్చు."

"రేపు వింటాలే బాబూ. ఇవాళ్టి ఏడుపంతా ఆ హార్లన్‌కే అయిపోయింది."