నున్నగా తెగిన అరటిపువ్వు

బుషెన్యి కొండవాలులో మా అరటితోటను మించింది లేదు. నలభై ఏళ్లుగా ఏ తెగులూ అటు తొంగిచూడలేదు. మా కంపాలా విశ్వవిద్యాలయం ఒకటి, బెల్జియంలోది ఒకటి కలిసి, ఊరందరికీ మంచి పిలకలిచ్చే తోట కోసం వెతుకుతున్నాయి. మా తోటను పరీక్షించడానికి కంపాలా నుంచి ఒక చదువుకునే పిల్ల వచ్చింది.

“తాతా, గెల చివరి పువ్వును పంగలకర్రతో విరవమన్నాం కదా. ఇది ఇంత నున్నగా తెగిందేం?”

“నా కర్ర అంత పదునమ్మా.”

“కర్రకు పదునున్న తాతను ఇప్పుడే చూస్తున్నా. కత్తేనా?”

“బెల్జియం ప్రొఫెసరు గారు కూడా వస్తారని, తోట కాస్త తీరుగా కనబడాలని... నిన్న, ఒక్క వరసే.”

“చెట్టుచెట్టుకీ కత్తిని నిప్పులో కాల్చావా?”

“అది గుర్తుంటే కర్రే గుర్తుండేది.”

“తెగులు కత్తి వెంటే చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. ఈ పిలకలు అరవై ఇళ్లకు వెళ్లేవి. ఇంతకుముందెప్పుడైనా వచ్చిందా?”

“నిరుడు ఎనిమిది చెట్లు పోయాయి. తవ్వి పూడ్చేశాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలీదు.”

“మరి నాకెందుకు చెప్పావు? దాచి ఉంటే మీ తోటనే ఎంచుకునేవాళ్లం.”

“ఆ అరవైలో రెండు మా కూతుళ్ల ఇళ్లు. వాళ్ల తోటలూ పోతే నేను భోజనానికి ఎక్కడికి పోను?”

ఆమె నవ్వింది. “ఇలా నిజం చెప్పే రైతే మాకు కావాలి, తాతా,” అంది.

ఆ చివరి మాట నేను కల్పించింది. ఆమె నిజంగా అన్నది, “ఆర్నెల్ల తర్వాత వచ్చి చూస్తాం, అప్పటిదాకా ఒక్క పిలక కూడా ఎవరికీ ఇవ్వకు,” అని. ఇవ్వడం లేదు. ఊళ్లో మాత్రం మొదటిదే చెప్పుకుంటున్నాను.