ముందు వరుస

చెన్నూరు ఆసుపత్రిలో కాన్పుగది గుమ్మం దగ్గర నిలబడి, కొత్తగా పెళ్లయిన నర్సు, మంచిర్యాలలో ఆ ఆసుపత్రికి నెట్ లైను ఇచ్చే ఆఫీసు చూసుకునే భర్తకు వీడియోకాల్ చేసింది.

"ఇనుర్రి, బిడ్డ కాళ్లు ముందొచ్చినయ్. కరీంనగర్ డాక్టరమ్మ వీడియోల చెప్తుంటే బొమ్మ ఆగిపోయింది!"

"పొద్దటి సంది లైను సన్నగైంది. అయినా ఫికర్ జేయకు, అన్నిటికీ వరుస పెట్టిన. సినిమాలు ఆఖరు, డాక్టరమ్మ రెండోది."

"మరి ముందు ఎవరున్నరు?"

అతను తల గోక్కున్నాడు.

"చెప్పుర్రి, లోపల కాన్పుకొచ్చినామె నొప్పులకు ఒర్రుతున్నది!"

"నీ ఫోను. నీ మొఖం మసక రావద్దని నేనే పెట్టిన."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అంటే మనం మాట్లాడినంతసేపు డాక్టరమ్మ కదలదు! నన్ను ఆఖరుకు నూకుర్రి."

"నూకితే నువ్వు కనవడవు, పిల్లా."

"ఇంటికొచ్చినంక చూసుకోర్రి!"

ఆమె కాల్ కట్ చేసి లోపలికి ఉరికింది. తెర మీద డాక్టరమ్మ చెయ్యి కదిలింది.

"భయపడకు తల్లీ, బిడ్డ నడుం పట్టుకో."