నేల మీది స్పీకర్లు

కళా ప్రదర్శన మొదలైన రోజు మధ్యాహ్నం, హాలు శుభ్రం చేసే ఆమె, అక్కడ స్పీకర్లు బిగించిన తన మరిదితో ఒక మూల నిలబడి మాట్లాడుతోంది.

“అబ్బాయ్, ఆ మూడో స్పీకర్లో ఉన్నది నా గొంతే. మేం వాడకుండా సూపర్‌వైజరు బాత్రూంకి తాళం వేస్తాడని చెప్పిన మాటలే. ఆ వైరు పీకెయ్.”

“నిన్నడగకుండానే పెట్టాడా ఆ కళాకారుడు?”

“కబుర్లాడుతూ నా మాటలు ఫోన్లో రికార్డు చేసుకుపోయాడు. కష్టం తెలుసుకుంటున్నాడు కాబోలనుకున్నాను.”

“కష్టం కాదు, సరుకు. గోడ మీద ఏం రాశాడో చూడు, ‘గొంతు లేనివాళ్ల గొంతు’ అట.”

“గొంతు లేకపోతే పొద్దుటి నుంచి అందులో వాగుతున్నదెవరట? సాయంత్రం సూపర్‌వైజరు వస్తున్నాడు. విన్నాడంటే రేపు నాకు పనుండదు.”

“వినడులే వదినా. సౌండు బాగా తగ్గించి, పెట్టెలన్నీ నేల మీదే పెట్టమన్నాడు ఆ కళాకారుడు. అధికారంలో ఉన్నవాళ్లు వంగి వినాలట. అదీ ఆయనగారి కళ! ఇరవై ఏళ్లుగా మైకులు పెడుతున్నాను. వినపడకుండా పెట్టమన్నవాణ్ణి ఇప్పుడే చూశాను.”

“మా సూపర్‌వైజరా, వంగడమా! దేవుడి ముందైనా వంగుతాడో లేదో.”

“ఆయనొక్కడేనా? పొద్దుటి నుంచి ఎంతెంత పెద్దవాళ్లో వచ్చారు. నిలబడే తలలూపారు, ఫోటోలు దిగారు, వెళ్లిపోయారు.”

“ఒక్కరూ వంగలేదూ? అయితే వైరు ఉండనీలే.”

“అది సరే గానీ, మరి నీకెలా వినపడింది?”

“నేల తుడుస్తున్నాను కదా నాయనా.”