అంచు ముక్కలు

తల్లి పోయాక ఆ వంటింట్లో ఓవెన్ వెలగడం అదే మొదలు. కూతురు ఓట్స్ బార్ల ట్రే బయటికి తీసింది.

“మధ్యలో ఇంకా పచ్చిగా ఉంది నాన్నా.”

“చల్లారితే అదే గట్టిపడుతుంది. మీ అమ్మ అప్పుడే తీసేది. తేనె ఎక్కువ పోశావు.”

“వంక పెట్టకపోతే నీకు ముద్ద దిగదు!”

చల్లారాక ఆమె ముక్కలు కోసింది.

“ఇదిగో, మధ్యది. నీ పళ్ళకు మెత్తగా ఉంటుంది.”

“నీ పళ్ళెంలో ఆ మాడిన అంచులేంటి?”

“నాకవే ఇష్టం.”

ముసలాయన ముక్క ముట్టుకోలేదు.

“మీ అమ్మా అదే మాట అనేది. ఉన్నన్నాళ్ళూ నమ్మాను.”

“నాన్నా...”

“నువ్వంటే నమ్మను. ఇటు తే.”

మెత్తటి ముక్క ఆమె పళ్ళెంలో వేసి, అంచు తీసుకుని కొరికాడు.

“గట్టిగా ఉంది కదూ?”

“ఉంది. నువ్వు తిను.”