పచ్చ సొక్కా

టెక్కలి కోర్టు వరండా. హత్యకు గురైన ప్రేమ్‌కుమార్ తల్లి దాలమ్మ సాక్ష్యం చెప్పడానికి వచ్చింది. ముద్దాయి శివాజీ తల్లి బేబి వచ్చి ఆమె పక్కనే గోడకు ఆనుకుంది.

“నా పక్కన కూకోకు బేబీ. పోలీసోలు సూత్తే నన్ను తిడతారు.”

“కూకోనేదొదినా. మోకాళ్లు నొప్పి, ఆనుకున్నాను.”

“కోర్టంతా వదిలీసి నీ మోకాళ్లకి నా పక్కనే సోటు దొరికిందేటి?”

“ఒక్క మాట సెప్పీసి ఎల్లిపోతాను. ఆయేల తెల్లారగట్ల మా శివాజీ ఇంటికాడ తొంగున్నాడు. గంగమ్మతల్లి మీద ఒట్టు.”

“మరి నా కొడుకుని తెడ్డుతో కొట్టింది ఎవులు? గాలేటి?”

“నాకు తెల్దు.”

“నాకు తెలుసు. నా కళ్లతో సూసినాను. సరుగుడు తోటకాడ నిలబడి సూసినాను.”

“సీకటి కదొదినా.”

“సీకటైతే? పొద్దు పొడవకముందే సముద్రంలో వచ్చే పడవ ఎవులిదో సెప్పేదాన్ని నాను. ఊరంతా నన్నే కదా అడుగుతాది?”

“అవును. నానూ అడిగినాను. తుపాను దినం.”

“ఇప్పుడదెందుకు?”

“‘బేబీ, మీ ఆయన పడవే, ముందర నిలబడ్డోడు ఆయనే, ఎల్లి అన్నం వండీ’ అన్నావు. పరిగెట్టుకెల్లి వండీసినాను.”

“ఊరుకో.”

“పడవొచ్చినాది. దిగినోడు ఎవులో పైఊరోడు. అన్నం సల్లారిపోనాది. ఆయన ఇంతవరకూ రానేదు.”

“నానేటి కావాలని సెప్పినానా? నీ ఏడుపు సూడలేక, ఆయనే రావాల, ఆయనే రావాల అనుకుంటా సూసినాను. నా కళ్లకి ఆయనే అవుపించినాడు.”

“నిన్ను ఒక్క మాటన్నానేటి?”

“అన్నేదు.”

“ఇప్పుడూ అన్ను. మా శివాజీ మీద నీ మాట తప్ప ఇంకేటీ నేదంట. నువ్వు ఆడే అంటే యావజ్జీవం పడతాదంట. మా వకీలు సెప్పినాడు. అందుకని అడుగుతన్నాను. మా గుంటడి ముకం సూసినావా?”

“పచ్చ సొక్కా సూసినాను.”

“మావోడు ఎల్లే పడవోలందరికీ పచ్చ సొక్కాలే. గంగమ్మ పండక్కి షావుకారు ఒకే తానులో గుడ్డ తీసి అందరికీ కుట్టించినాడు. మీ ప్రేమ్‌కుమారే కదా, ‘సిలకల పడవొత్తందిరో’ అనీసి ఎగతాలి సేసీవోడు?”

“దానికే కదా ముందు రోజు మీవోడు మావోడి మెడ పట్టుకున్నాడు!”

“పట్టుకున్నాడు. సాయంత్రానికి ఇద్దరూ ఒకే పొట్లంలో బజ్జీలు తిన్నారు.”

“అది నాకు తెల్దు.”

“ముకం సూసినావా ఒదినా?”

“ఎస్సైబాబు పోన్లో పొటో సూపించినాడు. ‘వీడేనా?’ అన్నాడు.”

“ఎంతమందివి సూపించినాడు?”

“ఒక్కడిదే. అవునన్నాను. అప్పటికింకా నా కోకకి నా కొడుకు నెత్తురు ఆరనేదు. ఎవులో ఒకలు ఉండాల కదా బేబీ! ఎవులూ సంపకుండా నా కొడుకు ఎలాగ సచ్చిపోతాడు?”

“అంటే, పొటో సూసినాకే...”

“అప్పట్నించీ కళ్లు మూత్తే ఆ ముకమే. ఆ సీకట్లో, ఆ తెడ్డు ఎత్తి పట్టుకుని. పొటోలో నవ్వు కూడా అలాగే ఉంటాది. తెడ్డుతో కొట్టీవోడు నవ్వుతాడేటే? నాకు తెలుత్తాది, అయినా అదే అవుపిత్తాది. మా ప్రేమ్‌ని తలుసుకుందామన్నా నీ కొడుకు ముకమే ముందరికొత్తాది.”

“ఏడవకొదినా. ఇంద, నీలు తాగు.”

“నాను మాట మారిత్తే ఇంకెవులూ దొరకరంట. సర్కారు వకీలు పీపీగారు సెప్పినారు. నా కొడుకు కేసు అక్కడితో పోతాదంట.”

“మార్చమని నానన్నేదు.”

“మరేటంటన్నావు?”

“సూసిందే సెప్పమంటన్నాను. సూడంది సెప్పొద్దంటన్నాను. అంతే.”

“దాలమ్మా! దాలమ్మా! దాలమ్మా! సాక్షి దాలమ్మ ఉందా?”

“వత్తన్నాను బాబూ! బేబీ, నా సెయ్యి పట్టుకుని లేపు.”

“లే. మెట్టుంది, జాగర్త.”

“పచ్చ సొక్కా సూసినాను, ముకం సూడనేదు. అదే సెప్తాను. నా కొడుకు ఎలాగూ రాడు. నీ కొడుకు ఇంటికొత్తాడు.”

“ఒదినా...”

“మల్లీ ఏటి?”

“ఏటీ నేదు. ఎల్లు.”

“ఆయేల ఆడు ఇంటికాడే తొంగున్నాడన్నావు కదా. నువ్వు సూసినావు కదా. ఆ ఒక్క మాటా నా ముకం సూసి సెప్పు, దైర్నంగా లోపలికెల్తాను.”

“సూసినానొదినా. మంచం మీద తలదాకా దుప్పటి ఉంది. ఆడే అనుకున్నాను. ముసుగు తీసి సూడనేదు.”