కోతి మెదడులో చిరుగులు

ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే మనిషికి చిరుగు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఆ మధ్యాహ్నం భార్య స్నానం చేసి వచ్చేసరికి, అతను ఆమె కంప్యూటర్ ముందు మహా తృప్తిగా కూర్చుని ఉన్నాడు. కోతి మెదడు ఫొటోల్లో ఏ నరం ఎక్కడికి పోతోందో రంగులతో గీయడం ఆమె ఇంట్లోంచే చేసే ఉద్యోగం.

“ఏటి మావా సేసినావు?”

“నీ బొమ్మ నిండా సిరుగులేనే. ఎక్కడి కొసలక్కడ ఏలాడతన్నాయి. అన్నీ కలిపీసినాను.”

“అవి సిరుగులు కావు! ఏ నరానికా నరం ఇడిగా ఉండాల. సూపు నరాన్ని తీసుకెళ్లి సెయ్యాడించే నరానికి కట్టీసినావు. ఇప్పుడా కోతి దేన్ని సూసినా సెయ్యెత్తుద్ది.”

“ఎత్తనీ. సేపముక్క సూత్తే నా సెయ్యెల్లదేటి?”

“సేవ్ కూడా సేసీసినావా?”

“మరి? కుట్టినాక ముడెయ్యకుండా వదిలేత్తారేటి?”

“ఓలమ్మో! అది తిన్నగా సారుకెల్లిపోద్ది. ఇన్ని తప్పులు సూత్తే నా ఉజ్జోగం పీకేత్తాడు.”

“నాను మాటాడతానుండు సారుతో.”

“నువ్వు నోరెత్తకు.”

“సరే. కూరేటి?”

అంతలో ఫోను మోగింది. సారే. ఆమే ఎత్తింది.

“సార్, నాను కాదండి. మా ఇంట్లోకి కోతి దూరి మీటలు నొక్కీసిందండి... ఆఁ, ఇంకా కుర్చీలోనే ఉందండి. లేదండి, కరవదు. కూరెడితే పడుంటాది.”