ఎండిన ఊటకి పూలు

ఆగాగు, పైనుంచి మొదలెట్టావేంటమ్మాయ్? పలక మీది తడి మట్టికి పూల రేకులు కిందనుంచి అద్దుకుంటూ రావాలి, ఇంటికి పెంకు నేసినట్టు. అప్పుడు వాన పడ్డా నీళ్ళు జారిపోతాయి, మట్టిలోకి దిగవు. నాకు నేర్పింది ఏడా గ్రాటన్. నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఈ డెర్బీషైర్ మొత్తంలో రేకు అద్దడంలో ఆవిడ తర్వాత నేనే, కావాలంటే ఎవర్నైనా అడుగు. అడగడానికి ఎవరూ మిగల్లేదనుకో.

ఒక ఏడు చలికాలమంతా చినుకు లేదు. మన కొండల సంగతి తెలుసుగా, అంతా సున్నపురాయి, నీళ్ళు ఎటు దూరతాయో ఎటు తేలతాయో. ఏటా బావికి పూల బొమ్మ పెట్టే క్రీస్తు ఆరోహణ పండుగ నాటికి ఊటబావి నోరెండిపోయింది. తాగే నీళ్ళు కింద ఏటినుంచే. నేనైతే చేతికో పీపా పట్టుకుని, ఈల వేసుకుంటూ కొండెక్కేవాణ్ణి. ఏం, నవ్వుతావేం? సరే, చిన్న పీపాలే.

చర్చి పెద్ద బ్యాగ్‌షా ఈ ఏడు బావికి అలంకారం లేదన్నాడు. పూలు పెట్టేది నీళ్ళిచ్చినందుకు కదా, ఇవ్వని బావికి దండమెందుకని వాదన. ఊరంతా తలూపింది. ఏడా మాత్రం నడుం మీద చెయ్యేసుకుని, “ఏమయ్యా బ్యాగ్‌షా, మీ తాతల నాటినుంచీ తాగారు. ఒక్క ఏడు ఇవ్వలేకపోతే మొహం తిప్పుకుంటారా? మంచాన పడ్డ తల్లిని చూడ్డానికి వెళ్ళవా?” అంది.

పూల బొమ్మంతా ఏడా ఒక్కతే అద్దింది. ఆ పలకని మోసుకెళ్ళి బావి దగ్గర నిలబెట్టింది మాత్రం నేనే, రెండు గుర్రాలు లాగలేని బరువు. తెల్లారేసరికి మట్టి బీటలు. తడి ఆరితే మట్టి రేకుని వదిలేస్తుంది కదా. ఏడా తన టీ కోసం దాచుకున్న నీళ్ళు తెచ్చి చేత్తో చిలకరించింది. మర్నాడూ అంతే. మన ఊళ్ళో ముసలమ్మ టీ మానేసిందంటే, ఇంకేం మిగిలినట్టు?

అది చూసి ఇంట్లోంచి కప్పుడు నీళ్ళు మొదట పట్టుకెళ్ళింది నేనే. సరే, మొదట కమ్మరి పెళ్ళాం, తర్వాత నేను. వారం తిరిగేసరికి ఇంటికో కప్పు. ఆఖరికి బ్యాగ్‌షా కూడా వచ్చాడు, కప్పు టోపీ చాటున దాచుకుని. ఏడా దెప్పలేదు. “ఆ మూల చల్లు, అక్కడ ఎండుతోంది” అంది, అంతే. పండుగ వారమంతా ఒక్క రేకు రాలలేదు. బావికి నీళ్ళు మోసిన ఊరు భూమ్మీద ఇంకోటి చూపించు.

ఊటా? వచ్చింది. మరుసటి ఏడు, మంచు కరిగాక. మొదటి కప్పు నేనే ముంచాను, ఇది మాత్రం నిజం. పట్టుకుని ఏడా గుమ్మం దాకా వెళ్ళిపోయాను, కాళ్ళు అలవాటుగా అటే లాగాయి. ఆవిడని చర్చి వెనక పడుకోబెట్టింది క్రిస్మస్‌కి ముందే. పెట్టె మోసింది కూడా నేనే మరి. ఏం బరువు లేదు.

ఆ మూల చల్లమ్మాయ్, అక్కడ ఎండుతోంది.